తెర అడుగు అంచు

ఒకప్పటి టాకీసది, కాశీబుగ్గలో.
ఇప్పుడు జీడిపిక్కల గొడౌను.
టిక్కెట్లిచ్చిన కన్నంలోంచి తూకం చీటీలు వస్తాయి.
ఆ మే నెలలో మాత్రం పది రాత్రులు
గోడకి మళ్ళీ సున్నం కొట్టారు,
బస్తాల్ని మెట్లుమెట్లుగా పేర్చారు,
"మహాదర్శకుల పాత చిత్రాలు" అని
దుప్పటి మీద నీలిమందుతో రాయించారు బెహరా మాస్టారు.
పింఛను డబ్బు ప్రొజెక్టరు అద్దెకి పోయిందని
వాళ్ళావిడ ఆయనతో మాటలు మానేసింది.

విశాఖ నుంచి ముగ్గురొచ్చారు, భుజాన గుడ్డసంచులతో.
మిగతా అంతా మా బట్టీవాళ్ళే:
తవిటమ్మ, దమయంతి, ఇద్దరు నీలవేణులు,
పని దిగి, కాలిన వేళ్ళకి బూడిద రాసుకుని.
ఊరికే అన్నారని వచ్చారు,
ఫ్యాన్లున్నాయని కూడా.

నాకు పదిహేను. పదో తరగతి అయిన వేసవి.
తెర కింద పడే అక్షరాలు పైకి చదవడం నా పని.
మాస్టారు రాత్రుళ్ళు కూచుని తెలుగులోకి దించిన మాటలు.
ఆయన "నన్ను విస్మరించితివా" అని రాస్తే
నేను "నన్ను మర్సిపోనావేటి" అని చెప్పేదాన్ని.
కళ్ళెత్తే తీరికుండేది కాదు.
ఎవరో ఏడుస్తుంటే ఏడుపు వినేదాన్ని,
ముఖం చూసేలోపు ఇంకో వరస పడేది.
ఐదు రాత్రులు, ఐదు దేశాలు.
నేను చూసినవి
బూట్లు, గౌను అంచులు, గుర్రం గిట్టలు,
బురద, ఒక కుక్క.

ఆరో రాత్రి ఏదో చలిదేశం బొమ్మ.
పేరుకి నోరు తిరగలేదు, ఇప్పటికీ తిరగదు.
సగంలో ఒక ముసలామె బల్ల ముందు కూచుని
చిక్కుడు గింజలు ఒలవడం మొదలెట్టింది.
మాట లేదు. వెనక వాయిద్యం లేదు.
కెమెరా కదల్లేదు.
కింద అక్షరం పడలేదు.

పోగొట్టుకున్న పైసాని వెతికినట్టు
అంచంతా వెతికాను కాసేపు.
తర్వాత తలెత్తాను.

ఎంత పెద్దదో తెర!

"ఏటే గుంటా, సదవ్వేటి?" తవిటమ్మ.
"ఏటీ నేదు పిన్నీ. ఒలుస్తంది."
"అది నాకూ కనపడతంది."

విశాఖాయన ఒకరు వాచీ చూసుకున్నాడు.
ఇంకొకాయన దగ్గాడు, దగ్గు రాకపోయినా.
మావాళ్ళు కదల్లేదు.
"బొటనేలు అలగ పెడితే గోరు లేసిపోద్ది" అంది దమయంతి.
"అలవాటైపోనాదిలే దానికి."
"ఎడం సెయ్యి సూడు, ఒణుకుతంది."
బయట గూడ్సు బండి పోయింది, పోతూనే ఉంది,
బస్తాల్లో పిక్కలు సన్నగా గలగలమన్నాయి.
ఆ వెలుతురు గొట్టంలో
మా బట్టీ పొగ తిరుగుతూ తిరుగుతూ
పోయి ఆమె వంటింట్లో వాలింది.

నాలుగో నిమిషంలో ఒక గింజ జారి
బల్ల కిందకి దొర్లింది.
ముసలామె వంగింది.
గొడౌనంతా వంగింది.
దొరికింది. ఊదింది. గిన్నెలో వేసింది.
"హమ్మయ్య" అన్నారెవరో వెనక చీకట్లో.
గొంతు మాస్టారి భార్యది.

వెనక్కి తిరిగి చూశాను అప్పుడే.
తెర వెలుగు పడ్డ ముఖాలు.
ఒళ్ళో ఖాళీగా ఉండలేని చేతులు
ఏమీ లేనిదాన్ని ఒలుస్తున్నాయి.

ఆట విడిచాక మాస్టారు లేచి
వాస్తవికత గురించి, దర్శకుడి సాహసం గురించి
చాలాసేపు చెప్పారు. మంచి మాటలే.
అప్పటికే సగంమంది గేటు దాటారు,
తెల్లారి నాలుక్కి మళ్ళీ బట్టీ.

రైలు గేటు దగ్గర తవిటమ్మ ఆగింది.
"ఆ ముసిల్దానికి కూలెంతిచ్చుంటారే?"
"అది సినిమా పిన్నీ."
"సినిమా అయితే?
ఒలిసింది నిజివే కదా."